ఫ్రెంచ్ ఒపెరాకు ముందు ఫ్రెంచ్ రావాలి

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎంఏ థియేటర్ ఆర్ట్స్ చదువుతోంది. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ ఒపెరాలను స్టేజీ మీద ఎలా ఆడించాలో నేర్చుకోవడానికి ఫ్రాన్స్ వెళ్తానంటోంది. ఇందులో బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. అయినా వెంటనే వద్దనకండి. అమ్మాయి ఏం అడుగుతోందో ముందు చూద్దాం.

1686లో పారిస్‌లో 'ఆర్మిడ్' అనే ఒపెరా, అంటే పాటతోనే సాగే నాటకం, ఆడారు. రచన కినో, సంగీతం లల్లీ. రెండో అంకం చివర, నిద్రపోతున్న శత్రువు రెనో మీద మంత్రగత్తె ఆర్మిడ్ బాకు ఎత్తుతుంది. 'పొడిచేద్దాం... దేవుడా, నన్నెవరు ఆపుతున్నారు? ముగించేద్దాం... వణికిపోతున్నా. పగ తీర్చుకుందాం... నిట్టూరుస్తున్నా.' ఈ మాటల మధ్య లల్లీ చిన్న చిన్న విరామాలు పెట్టాడు. ద్వేషం ప్రేమగా మారేది అక్కడే. ఎత్తిన చేయి దిగాలా, గాల్లోనే ఆగాలా? చూపు బాకు మీద ఉండాలా, అతని ముఖం మీదా? మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది ఈ పనే.

మొదట ఆ పాత్ర వేసిన మార్త్ లె రొష్వా నటనకు పేరుపడిన గాయని. ఈ ఘట్టంలో జనం ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చునేవారని, చివర వయొలిన్లు మోగితే గానీ తేరుకునేవారు కాదని లె సెర్ఫ్ అనే రచయిత రాశాడు. 1753లో తత్వవేత్త రూసో ఇదే ఘట్టాన్ని తూర్పారబడితే, మరుసటేడు సంగీతకర్త రామో దాన్ని వెనకేసుకొచ్చాడు.

ఆ వాదన సంగీతంతో పాటు మాట గురించి కూడా. లల్లీ రెసిటటివ్‌లో, అంటే మాట్లాడుతున్నట్టు పాడే భాగంలో, తాళం ఫ్రెంచ్ పద్యం నడక వెంట మారుతూ పోతుంది. భాష రాకపోతే ఆ విరామం ఎందుకుందో తెలియదు. భామాకలాపంలో సత్యభామ మాట తెలియకుండా అభినయం పట్టి చూడమనండి, తనకే అర్థమవుతుంది. అందుకే ఇప్పుడే హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో చేర్పించండి. బీ2 స్థాయి, అంటే తడుముకోకుండా మాట్లాడే స్థాయి, వచ్చేదాకా ఫ్రాన్స్ అప్లికేషన్ జోలికి వెళ్లొద్దు. వెస్టర్న్ నొటేషన్ చదవడం కూడా రావాలి.

కూచిపూడి వృథా పోదు. చేయి ఎటు వెళ్తే చూపు అటు వెళ్లాలన్న శిక్షణ ఆమెకు ఎప్పుడో అందింది. కాకపోతే మన ముద్రలు తీసుకెళ్లి అక్కడ అతికించకూడదు. ఆ కాలపు ఫ్రెంచ్ నృత్యాన్ని రాసుకునే పద్ధతిని ఫోయే అనే నాట్యాచార్యుడు 1700లో అచ్చువేశాడు. నాట్యం తెలిసిన పిల్ల కాబట్టి ఆ దారినా లోపలికి వెళ్లొచ్చు. 1987లో పారిస్‌లోని ఒపెరా కామిక్ థియేటర్‌లో లల్లీ ఒపెరా 'అతీస్'ను మళ్లీ ఆడినప్పుడు నృత్యాలు కూర్చిన ఫ్రాన్సీన్ లాన్స్‌లో అనే ఆవిడ ఆ పాత నృత్యాలనే పరిశోధించిన మనిషి. అదే ఏడాది మొదలైన వెర్సాయ్ బరోక్ (లల్లీ కాలపు శైలి) సంగీత కేంద్రంలో పరిశోధన, గాయకుల శిక్షణ రెండూ ఉన్నాయి. దాని వెబ్‌సైట్ అమ్మాయితో కలిసి మీరూ చూడండి.

ఇక డబ్బు సంగతి. ఉన్న మాట చెబుతాను, ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ. ఎక్కువగా ఒక్కో ప్రొడక్షన్‌కు కాంట్రాక్టు పని. ఎంఏ పూర్తిచేసి, నెట్ రాసి, బోధనకు అర్హత చేతిలో పెట్టుకుని వెళ్లమనండి. 2019లో యూరప్ బయటి విద్యార్థులకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో మాస్టర్స్ ఫీజు ఏడాదికి 3,770 యూరోలు చేశారు. కొన్ని యూనివర్సిటీలు మినహాయింపు ఇస్తాయి. అసలు భారం పారిస్‌లో ఇంటి అద్దె, దానికోసం పొలం అమ్మొద్దు. స్కాలర్‌షిప్ వచ్చిన ఏడాదే పంపించండి.