ఒక్కరోజులో నెల్లూరు: ఉదయగిరి తీసేయండి

మీ ప్లాన్ కుదరకపోవడానికి కారణం ఉదయగిరి. అమ్మగారితో ఒంగోలు నుంచి పొద్దున నెల్లూరు వచ్చి రంగనాయకుల గుడి, జొన్నవాడ గుడి, ఉదయగిరి కోట, మైపాడు బీచ్ అన్నీ సాయంత్రంలోపు చూడాలంటున్నారు. ఉదయగిరి నెల్లూరుకి పడమట దాదాపు 100 కిలోమీటర్లు, మైపాడు తూర్పున 25. పైగా ఉదయగిరి కొండ ఎక్కాల్సిన కోట. శ్రీకృష్ణదేవరాయలు అంతటివాడికే దాన్ని గెలవడానికి నెలలు పట్టింది, 1514లో చేజిక్కింది. అమ్మగారితో హడావిడిగా చూసే చోటు కాదు. దానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది: మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు. పన్నెండు దాటాక వెళ్తే తలుపుల ముందు సాయంత్రం దాకా కూర్చోవాలి. బయల్దేరే ముందురోజే రెండు గుళ్లకూ ఫోన్ చేసి ఆ రోజు వేళలు కనుక్కోండి, పండగల్లో మారతాయి.

1. రైలు దిగగానే ముందు జొన్నవాడ కామాక్షమ్మ. ఊరికి 12 కిలోమీటర్ల దూరం. ఆటో రానూపోనూ మాట్లాడుకోండి.

2. పదిన్నరకల్లా తిరిగొచ్చి రంగనాయకుల గుడి. దర్శనం అయ్యాక వెనక పెన్న ఒడ్డున కాసేపు కూర్చోండి, అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

3. భోజనం, గంటసేపు విశ్రాంతి. చేపల పులుసు తినేవాళ్లయితే ఇక్కడే తినాలి.

4. ఎండ తగ్గాక, నాలుగింటికి మైపాడు. నీళ్లలో లోతుకి దిగొద్దు. చీకటి పడకముందే బయల్దేరండి.

తిరుగు రైలు టికెట్ రాత్రి ఎనిమిది తర్వాతది తీసుకుంటే టెన్షన్ ఉండదు.