అటామైజర్‌లో మాడు రుచి ఎందుకొస్తోంది?

లండన్‌లో ఉంటూ ఈ-సిగరెట్ అటామైజర్‌లో (ద్రవాన్ని ఆవిరిగా మార్చే భాగం) పెట్టే కాయిల్‌ను, అంటే వేడెక్కే తీగచుట్టను, సొంతంగా చుట్టుకుంటున్నానని, ఆవిరి పలచగా, రుచి మాడుగా ఉంటోందని అడిగారు.

తప్పు చాలావరకు తీగది కాదు, దూదిది. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టే కాయిల్ మధ్యనున్న దూది ద్రవాన్ని పీల్చాలి. కుక్కి పెడితే ద్రవం అందదు, ఎండిన చోట దూది మాడుతుంది. దూదిని లాగి చూడండి: కాస్త పట్టుకుంటూ జారాలి, తీగ మాత్రం కదలకూడదు. కొత్త దూదిని బాగా తడిపి, కొన్ని నిమిషాలు నాననిచ్చాకే బటన్ నొక్కండి.

ఆవిరికి గాలి ముఖ్యం. గాలి వచ్చే రంధ్రం సరిగ్గా కాయిల్‌కు ఎదురుగా ఉందా? చాలామంది అది చూడకుండా కాయిల్ ఓమ్‌లు (విద్యుత్ నిరోధం) తగ్గిస్తారు, ప్రమాదం అక్కడే. 3.7 వోల్టుల దగ్గర 0.5 ఓమ్ కాయిల్ 7.4 ఆంపియర్లు లాగుతుంది, 0.2 ఓమ్ అయితే ఏకంగా 18.5. మీ బ్యాటరీ అంత ఓర్చుకుంటుందా? ఓమ్ మీటర్ లేకుండా కాయిల్ చుట్టడం, నన్నడిగితే, పిచ్చిపని.

అన్నట్టు, ఇండియా వెళ్లేటప్పుడు ఈ-సిగరెట్‌ను బ్యాగులో పెట్టుకోకండి. అక్కడ 2019 నుంచి దిగుమతి, అమ్మకం రెండూ నిషేధం.