కుట్ల దగ్గర రసి, పాప బొడ్డులో తడి.. మళ్లీ మందులు వాడాలా?

ప్రశ్న: సిజేరియన్ అయి తొమ్మిది రోజులైంది. కుట్టు కుడి చివర నీళ్లలా రసి కారుతోంది, నొప్పి పెద్దగా లేదు. పాపకు నిన్న బొడ్డు ఊడింది, లోపల పసుపుగా, తడిగా ఉంది. నన్ను ఇంకో వారం యాంటీబయాటిక్ వాడమనీ, పాప బొడ్డుకు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ జెల్ రాయమనీ ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి రెండూ అక్కర్లేదనిపిస్తోంది. కాకపోతే మీ కుట్టును రేపటిలోగా డాక్టర్‌కు చూపించండి. కోత ఇన్ఫెక్షన్లు ఎక్కువగా నాలుగో రోజుకూ పదో రోజుకూ మధ్యే బయటపడతాయి.

రసి పల్చగా, లేత పసుపు రంగులో, వాసన లేకుండా ఉంటే చర్మం కింద కొవ్వు పొరలో చేరిన ద్రవమే అయ్యుంటుంది. సీరోమా అంటాం. దానికి యాంటీబయాటిక్ పనిలేదు. చిక్కబడినా, వాసన వేసినా, చుట్టూ ఎర్రబడి గట్టిగా తగిలినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా ఇన్ఫెక్షన్ కింద లెక్క. చీము చేరితే మాత్రలొక్కటే సరిపోవు. చీము గూట్లోకి రక్తం వెళ్లదు, మందూ చాలినంత చేరదు. ఒకటి రెండు కుట్లు విప్పి బయటికి పంపాల్సిందే. నొక్కి పిండే పని మాత్రం మీరు పెట్టుకోవద్దు. ఉన్నట్టుండి గులాబీ రంగు నీరు బట్ట తడిసేంతగా వస్తే లోపలి పొర విడిపోతోందేమోనని అనుమానించి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ పని కోతకు ముందు గంటలోపు ఇచ్చే డోసుతోనే చాలావరకు అయిపోతుంది. ఆపరేషన్ తర్వాత పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. అయినా వారం రోజుల చీటీలు రాస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి. స్నానం చేయొచ్చు. తర్వాత కుట్టును అద్ది ఆరబెట్టి, పొట్ట మడత పడేచోట పొడి గాజ్ (డ్రెస్సింగ్) గుడ్డ పెట్టుకోండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు. అవి కొత్తగా పుట్టే కణాలనూ చంపుతాయి.

ఇక జెల్. నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ గ్రామాల్లో, ఇళ్లలోనే కాన్పులు ఎక్కువగా జరిగేచోట, బొడ్డుకు క్లోర్‌హెక్సిడిన్ వాడితే శిశు మరణాలు తగ్గాయి. జాంబియాలో, టాంజానియాకు చెందిన పెంబా దీవిలో చేసిన పెద్ద పరీక్షల్లో తగ్గలేదు. పైగా అది బొడ్డు ఊడటాన్ని కొన్ని రోజులు ఆలస్యం చేస్తుంది. పొరపాటున కళ్లలో వేయడంతో కంటిచూపు దెబ్బతిన్న పిల్లలూ ఉన్నారు. మీ పాపకు బొడ్డు ఊడిపోయింది కాబట్టి ఇప్పుడు రాయడంలో అర్థం లేదు. గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ కూడా వద్దు. చర్మం గుండా లోపలికి చేరి థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది.

ఊడిన కొద్ది రోజులు పసుపు జిగురు, బట్టకు ఒకటి రెండు రక్తపు చుక్కలు మామూలే. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో అంచులు తుడిచి ఆరనివ్వండి. డైపర్‌ను బొడ్డు కిందికి మడవండి. రెండు వారాలైనా లోపల గులాబీ రంగు తడి బుడిపె ఉంటే గ్రాన్యులోమా కావచ్చు. దానికి క్లినిక్‌లోనే సిల్వర్ నైట్రేట్ అద్దుతారు.

ఎరుపు బొడ్డు దాటి పొట్ట చర్మం మీదికి పాకితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బొడ్డులోని రక్తనాళాలు ఇంకా పూర్తిగా మూసుకుపోవు, క్రిములు నేరుగా రక్తంలోకి చేరతాయి. పాలు తాగడం తగ్గినా, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి తీసుకుంటున్నా, ఒళ్లు కాలినా అంతే. నెలలోపు పిల్లల్లో ఒళ్లు చల్లబడటం కూడా ఇన్ఫెక్షన్ లక్షణమే. పారాసిటమాల్ చుక్కలు వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.