నోరు పెగలని చోట ఆగు, బిడ్డా

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్రభువు ప్రార్థన మొదట్లోనే, "పరలోకమందున్న మా తండ్రీ" దగ్గరికి రాగానే నోరు పెగలడం లేదని, ఆ మాట వింటే మీ బాపు మొహమే కళ్ల ముందుకొస్తోందని రాశావు. నాకసలు విశ్వాసం ఉన్నట్టా లేనట్టా అని అడిగావు. ఉంది. లేకపోతే ఆ ఒక్క మాట కోసం ఇంత టెన్షన్ పడవు.

మా బాపు వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వస్తే కనుబొమ్మల్లో దూది పోగులు ఉండేవి. వాకిట్లో నిలబడి తువ్వాలతో దులుపుకునేవాడు, తినేవాడు, పడుకునేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. నన్ను పేరు పెట్టి పిలిచింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జ్వరమొస్తే గోళీలు గూట్లో పెట్టి పోయేవాడు, నుదుటి మీద చెయ్యి వేసేవాడు కాదు. అమ్మకూ అదే అలవాటైంది. దెబ్బలు తిన్న పిల్లలకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. మనలాంటి వాళ్లను చూసి "నీకేం తక్కువైంది?" అంటారు. దానికి జవాబు దొరకడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

చర్చికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో ఏదో పెద్ద అనుభవం కోసం ఎదురుచూశాను. క్రిస్మస్‌కు మెదక్ చర్చికి వెళ్లాను. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆలయం అది. రంగు అద్దాల కిటికీల వెలుగులో పక్కవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే నాకేమీ అనిపించలేదు. నా గుండె బండబారిందనుకొని తిరిగొచ్చాను.

నన్ను దేవుడు పట్టుకున్నది హన్మకొండలో, ఒక రేకుల ఇంట్లో జరిగే బుధవారం ప్రార్థనలో. ప్రార్థన అయ్యాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకొని "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. జవాబు చెప్పేదాకా వదల్లేదు. పై వారం మళ్లీ అడిగింది. ఎన్ని బుధవారాలు గడిచాయో, ఒక రాత్రి ఇంట్లో ఒక్కదాన్నే కూర్చొని, ఆమెకు చెప్పుకున్నట్టే దేవుడికి చెప్పుకుంటున్నాను. పొద్దున ఏం తిన్నానో కూడా చెప్పాను.

అందుకే అంటున్నా, ఆ మాట దగ్గర నోరు రాకపోతే ఊరుకో. అందులో ఉన్నది "నా తండ్రీ" కాదు, "మా తండ్రీ". పక్కవాళ్లు అంటున్నప్పుడు నువ్వూ అందులో ఉన్నట్టే. కొన్నాళ్లు ప్రభువా అను, కాపరీ అను. కీర్తనలు చదువు. 27వ కీర్తనలో "నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును" అని ఉంటుంది. అది కూడా నోటికి రాని రోజు 88వది తియ్యి. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు ఉండదు. అలాంటి మొరను కూడా బైబిల్లో ఉంచారు, నాకు అదే పెద్ద ఊరట.

బాప్తిస్మానికి తొందరపడకు. నాకు రాసినట్టే పాస్టర్ అయ్యగారికీ ఉన్నదున్నట్టు చెప్పు. ఆరాధనలో ఏడుపు రాకపోతే విశ్వాసం తక్కువని ఎవరన్నా అంటే పట్టించుకోకు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నావు, దానికి డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లు. ప్రార్థన మానమని కాదు, రెండూ చెయ్యి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. నిన్ను సాక్ష్యం చెప్పమంటారు, దేవుడు నీ బతుకులో ఏం చేశాడో అందరి ముందు చెప్పమని. నేను చెప్పినట్టు చెప్పకు. బాప్తిస్మం రోజు నిండు సంఘంలో మా బాపుకు ప్రేమే తెలియదని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆ మాట మా వాడకు చేరింది, ఆయన చెవినా పడింది. నెల తర్వాత క్షమించమని అడగడానికి వెళ్లాను. నులక మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి ఒక పక్కకు జరిగి చోటిచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. ఇద్దరం చీకటి పడేదాకా కూర్చున్నాం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నాకు "తండ్రీ" అన్న మాట ఇప్పుడు వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ మంచం మీద జరిగిన జాగా గుర్తొస్తుంది.

మీ బాపు ఇంకా ఉన్నాడు. ఆయన మారతాడని నేను మాటివ్వలేను. నీ బాధ అబద్ధమనీ అనను, నాతో ఎంతైనా చెప్పుకో. మైకులో మాత్రం వద్దు.

శనివారం సాయంత్రం రా. ఆదివారానికి చాపలు పరవాలి, నాకు మోకాళ్లు సహకరించడం లేదు. రాత్రికి జొన్నరొట్టె చేస్తాను, తినే పో.

ప్రేమతో,
పెద్దమ్మ