దొంగ పేరుతో హోటల్లో దిగిన మనిషి గురించి, రిసెప్షన్‌లో కూర్చున్నవాడి మాట

ప్రశ్న: 2009లో ఐర్లండ్‌లోని స్లైగోలో ‘పీటర్ బెర్గ్‌మన్’ అనే మారుపేరుతో హోటల్లో దిగి, నాలుగు రోజుల తర్వాత బీచ్‌లో శవంగా దొరికిన మనిషి నిజంగా గూఢచారేనా?

కాదు. పందెం కాయమన్నా కాస్తాను.

గూఢచారి అయితే పిన్‌కోడ్ తప్పు రాయడు. ఆయన హోటల్లో ఇచ్చిన అడ్రసు ‘ఐన్‌స్టెటర్సన్ 15, 4472, వియన్నా’. వియన్నా పిన్‌కోడ్‌లన్నీ 1తో మొదలవుతాయి. 4తో మొదలయ్యేవి వేరే రాష్ట్రానివి. పైగా ఆ పేరుతో వీధే లేదు. ఒక దేశం తరఫున పనిచేసేవాడికి సరైన దొంగ అడ్రసు తయారుచేసి ఇచ్చే దిక్కు కూడా ఉండదా? ఇది ఒక్కడే కూర్చుని, బస్సులోనో ఎక్కడో, కల్పించుకున్న అడ్రసు. అప్పట్లో ఐర్లండ్‌లో అసలు పిన్‌కోడ్‌లే లేవు, 2015లో గానీ రాలేదు. ఆ నాలుగంకెలు చూసి రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకి అనుమానం ఎలా వస్తుంది?

ఇంత ధీమా ఎక్కడిదంటారా? 2019లో మాస్టర్స్ చేయడానికి నేను స్లైగో వెళ్లాను. ఆయన పోయి అప్పటికి పదేళ్లు. విద్యార్థి వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. ఆ ఇరవై గంటలూ ఒక హోటల్ రిసెప్షన్‌లో రెండు నైట్ షిఫ్టులుగా కూర్చునేవాణ్ణి. ఆయన దిగిన హోటల్ కాదు, ఇంకోటి. గంటకు 9.80 యూరోలు. షిఫ్టు ఏడింటికి అయిపోయినా పగటి మనిషి వచ్చేసరికి ఎనిమిదయ్యేది. ఆ గంటకి ఒక్క సెంటు ఇచ్చేవాళ్లు కాదు. అడిగితే ‘ఇరవై గంటలకు మించి రాస్తే నీ వీసాకే ఇబ్బంది, నీ మంచికే చెబుతున్నా’ అనేవాడు మేనేజర్. ఆ మంచితనం గురించి ఎవరైనా విడిగా ప్రశ్న అడిగితే విడిగా రాస్తాను.

నేను కూడా అక్కడ మారుపేరుతోనే ఉన్నాను, అదొకటి చెప్పాలి. ఇంటిపేరుతో కలిపి నా పేరు నాలుగు ముక్కలు. అందులో ఏది ముందో ఏది వెనకో అక్కడ ఎవరికీ తెలిసేది కాదు. కొత్త బ్యాడ్జీ చేయించడానికి బద్ధకించి, అంతకుముందు మానేసిన కుర్రాడి బ్యాడ్జీ సొరుగులోంచి తీసి నా చొక్కాకి పెట్టాడు మేనేజర్. ‘మార్క్’. కొత్తది వారంలో వస్తుందన్నాడు. ఉన్న ఐదు నెలలూ మార్క్‌గానే ఉన్నాను. మొదట్లో గెస్టులు ‘మార్క్’ అని పిలిస్తే పలికేవాణ్ణి కాదు, పొగరనుకునేవాళ్లు. ఒకసారి నా ఫోన్ పాడై రెండు రోజులు ఇంటికి మాట్లాడలేదు. అమ్మ తమ్ముడి చేత హోటల్ నంబరు వెతికించి ఫోన్ చేయించింది. వాడు నా పేరు మొత్తం చెప్పాడు. పగలు కూర్చునే అమ్మాయి పాపం లిస్టంతా చూసి ‘ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పనిచేయడం లేదు’ అంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

ఇక అసలు సంగతి. జనవరి చివర్లో ఒక రాత్రి పదకొండు దాటాక, అరవై పైబడిన ఒకాయన బుకింగ్ లేకుండా వచ్చాడు. బయట వాన. అట్లాంటిక్ పక్కన వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. కోటు నుంచి నీళ్లు కారి కార్పెట్ తడిసిపోయింది. రెండు రాత్రులకి గది కావాలన్నాడు. నోట్లు లెక్కపెడుతుంటే చూశాను, ఎడమ చేతికి రెండు వాచీలు. రిజిస్ట్రేషన్ కార్డు ముందు పెట్టి పెన్ను ఇచ్చాను. పేరు దగ్గర ఆగాడు.

హోటల్లో పనిచేసినవాళ్లెవరినైనా అడగండి. కారు నంబరు దగ్గర అందరూ ఆగుతారు. ఇల్లు మారినవాళ్లు అడ్రసు దగ్గర ఆగుతారు. పేరు దగ్గర ఎవరూ ఆగరు.

కార్డు ఇచ్చి లిఫ్టు వైపు నడుస్తుంటే, చిల్లర ఇవ్వలేదని గుర్తొచ్చి, కార్డు చూసి ‘మిస్టర్ ఫలానా’ అని పిలిచాను. తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచాను. ఊహూ. లాబీలో ఉన్నది మేమిద్దరమే. చివరికి ‘సర్’ అన్నాను, టక్కున తిరిగాడు. చిల్లర తీసుకుంటూ నా బ్యాడ్జీ వైపు చూసి ‘మార్క్ నీ పేరు కాదు కదా?’ అన్నాడు. కాదన్నాను. నవ్వాడు. ‘మరి మీది?’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

మర్నాటి రాత్రి కూడా నాదే డ్యూటీ. రెండింటికి లాండ్‌లైన్ మోగింది. ఒకావిడ. నాన్నగారు ఇంటి నుంచి వెళ్లిపోయారు, మీ దగ్గర దిగారేమో చూడండి అని ఒక పేరు చెప్పింది. కంప్యూటర్‌లో కొట్టాను, లేదు. ‘ఆ పేరుతో ఎవరూ లేరండి’ అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆమె పెట్టేయలేదు. పొడుగ్గా ఉంటారు, బూడిదరంగు కోటు, చేతికి రెండు వాచీలు, ఒకటి మా అమ్మది అని చెప్పుకుంటూ పోయింది. రెండు వాచీలు అనగానే నాకు చెమటలు పట్టాయి.

హోటల్లో ఎవరున్నారో బయటివాళ్లకి చెప్పకూడదన్నది రూలు. ఆ రూలు మంచిదే, దాన్ని తిట్టను. మొగుడి దెబ్బలకి పారిపోయి వచ్చి తలదాచుకునే ఆడవాళ్లు కూడా హోటల్లోనే దిగుతారు. అందుకని ‘మీ నంబరు ఇవ్వండి, అలాంటివారెవరైనా వస్తే ఇస్తాను’ అని పచ్చ చీటీ మీద రాసుకుని కీబోర్డు కింద పెట్టాను.

ఆయన పొద్దున ఆరున్నరకే దిగాడు. కీ కార్డు బల్ల మీద పెట్టి ‘పక్క సర్దేశాను, వాళ్లకి పని ఉండదు’ అన్నాడు. చీటీ నా చేతికి జానెడు దూరంలో ఉంది. మీకోసం ఫోన్ వచ్చింది అని అంటే చాలు. కానీ ఏ పేరుతో వచ్చిందని అడిగితే? ఆయన అసలు పేరు నాకు తెలిసిపోయిందని తెలుస్తుంది. ఆ టెన్షన్‌లో ‘సేఫ్ జర్నీ సర్’ అన్నాను. బస్ స్టేషన్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఎనిమిదింటికి వచ్చిన మేనేజర్‌కి చీటీ చూపిస్తే, మన పని కాదని నలిపి బుట్టలో వేశాడు. రెండు వారాల పాటు రోజూ లోకల్ వార్తలు తిరగేశాను. ఏమీ లేదు. బతికే ఉండి ఉంటాడు.

ఇప్పుడు బెర్గ్‌మన్ గురించి తెలిసినవి ఈ కంటితో చూడండి. జూన్ 12, శుక్రవారం, డెర్రీ నుంచి బస్సులో వచ్చాడు. డెర్రీ బ్రిటన్ కింద ఉంది, స్లైగో ఐర్లండ్‌లో ఉంది, మధ్యలో పాస్‌పోర్టు అడిగేవాడే లేడు. టాక్సీలో హోటల్‌కి వచ్చి క్యాష్ కట్టాడు. ఆ రోజుల్లో పదమూడు సార్లు ఊదారంగు ప్లాస్టిక్ సంచి నిండుగా పట్టుకుని బయటికి వెళ్లాడు, ఖాళీ చేతులతో వచ్చాడు. దీని మీద యూట్యూబ్ వాళ్లు భయంకరమైన మ్యూజిక్ పెట్టి, రహస్య పత్రాలు అంటారు. గదిలో బుట్ట పొద్దున్నే హౌస్‌కీపింగ్ వాళ్లు ఎత్తుతారు, అందులో ఏముందో వాళ్ల కంట పడుతుంది. అది ఇష్టం లేనివాడు తన సామాను కొంచెం కొంచెంగా వీధి చెత్తబుట్టల్లో వేస్తాడు. ఇంత చిన్న విషయం! బట్టల లేబుళ్లు కూడా కత్తిరించేశాడు.

ఆదివారం టాక్సీ డ్రైవర్‌ని అడిగి రోసెస్ పాయింట్ బీచ్ చూసొచ్చాడు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కీ అప్పజెప్పి చెక్ అవుట్ చేశాడు. బస్ స్టేషన్‌లో కాపుచినో, హామ్ చీజ్ టోస్ట్ తీసుకుని, జేబులో కాగితాలేవో చూసుకుని చింపి పారేశాడు. తర్వాత బీచ్‌కి బస్సెక్కాడు. ఆ సాయంత్రం చాలామంది చూశారు, ఎదురైనవాళ్లని పలకరించాడు కూడా. మర్నాడు పొద్దున ఈతకి వచ్చిన తండ్రీకొడుకులకి శవం కనిపించింది. పోస్ట్‌మార్టంలో ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకల్లో కణుతులు, ఒక కిడ్నీ లేదు, పాత గుండెపోట్లు. అంత జబ్బులో రక్తంలో నొప్పి మాత్ర ఆనవాలు కూడా లేదు. ఎవరూ చంపిన గుర్తుల్లేవు, నీట మునిగినవాళ్లలో కనిపించే లక్షణాలు కూడా సరిగ్గా లేవు. ఐదు నెలలు వెతికి, చివరికి స్లైగోలోనే పాతిపెట్టారు.

నేనూ ఒకసారి రోసెస్ పాయింట్ వెళ్లాను. అక్కడ సముద్రం వైపు రెండు చేతులు చాపి నిలబడ్డ ఆడమనిషి విగ్రహం ఒకటి ఉంది, ఓడల మీద వెళ్లినవాళ్ల కోసం ఎదురుచూస్తున్నట్టు. ఎక్కువసేపు నిలబడలేకపోయాను, చలి.

నా ఉద్దేశంలో మారుపేరు పోలీసుల కోసం కాదు. ఇంటి నుంచి వచ్చే ఫోన్ కోసం. ఆ మూడు రాత్రుల్లో ఎవరైనా హోటల్‌కి ఫోన్ చేసి ఆయన అసలు పేరు అడిగి ఉంటే, రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లు నాలాగే నిజాయితీగా ‘ఎవరూ లేరండి’ అని ఉంటారు. శనివారం పోస్టాఫీసులో ఆయన 82 సెంట్ల స్టాంపులు ఎనిమిది కొన్నాడు, ఎయిర్‌మెయిల్ స్టిక్కర్లతో సహా. 82 సెంట్లు అప్పుడు విదేశాలకి ఉత్తరం ఖర్చు. అంటే చెప్పాలనుకున్న నలుగురికీ తనే చెప్పేశాడు. వాళ్లు నోరు విప్పలేదు, అది వాళ్లిష్టం.

ఎవరో ఒకరు మరి వెతకరా అంటారు. 2001లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రం అమండా పార్క్‌లో, ‘లైల్ స్టీవిక్’ అని రాసి మోటెల్లో దిగిన కుర్రాడు గదిలోనే చనిపోయాడు. డీఎన్ఏతో 2018లో గానీ ఎవరో తేలలేదు. ఇంట్లోవాళ్లు అన్నేళ్లూ వాడు ఎక్కడో బతికే ఉన్నాడు, మాతో మాట్లాడటం ఇష్టం లేదంతే అనుకున్నారట. అసలు పేరు బయటపెట్టవద్దని అడిగారు, పెట్టలేదు.

గూఢచారి సంగతి అడిగితే ఎటో వెళ్లిపోయాను, ఏమనుకోకండి. ఫిబ్రవరిలో ఉద్యోగం మానేసి బ్యాడ్జీ తిరిగిచ్చేశాను. నా తర్వాత ఒక నేపాలీ కుర్రాడు చేరాడు. వారం తర్వాత జీతం కోసం వెళితే, అతని చొక్కా మీద మార్క్ అని ఉంది. ముందు ఇంటికి ఫోన్ చేసి ఈ పేరు చెప్పుకో తమ్ముడూ అని చెప్పి వచ్చాను.