పారానార్మల్ సిరీస్ చూశాక డౌటొచ్చింది: అరబిక్‌లో హారర్ రాసే పెద్ద రచయితలు ఉన్నారా?

ఎందుకు లేరు, ఆ నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌కి మూలం రాసినాయనే ఉన్నాడు. అహ్మద్ ఖాలిద్ తౌఫీక్. ఈజిప్టులో తంతా అనే ఊళ్ళో 1962లో పుట్టాడు, డాక్టరు, అక్కడి యూనివర్సిటీలోనే మెడిసిన్ పాఠాలు చెప్పేవాడు. మొదటి నవలని పబ్లిషర్ వద్దని తిప్పి పంపితే నబీల్ ఫారూక్ అనే రచయిత బాగుందని పట్టుబట్టాక 1993లో అచ్చయింది, ఇక 2014 దాకా అదే హీరోతో ఎనభై దాకా చిన్న పుస్తకాలు రాశాడు.

నేను కువైట్‌లో హాస్పిటల్ ల్యాబ్‌లో చేసేటప్పుడు నైట్ డ్యూటీలో ఒక ఈజిప్టు కుర్రాడు ఉండేవాడు. కోటు జేబులో ఎప్పుడూ ఈయన పుస్తకమే, అట్ట ఊడిపోతే మా ల్యాబ్ ప్లాస్టరే అంటించాడు. శాంపిల్స్ సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి అది తిరిగి ఆగేలోపు రెండు పేజీలు లాగించేసేవాడు. ఓ రాత్రి కథ చెప్పమన్నా. హీరో రిఫాత్ ఇస్మాయిల్ రక్తం జబ్బుల డాక్టరంట, బట్టతల, బక్కప్రాణం, గుండెజబ్బు, అయినా సిగరెట్ ఆర్పడు. ఇట్లాంటోడు దెయ్యాలతో ఏం కొట్లాడతాడు భాయ్ అన్నా. "అచ్చం మా నాన్నలా ఉంటాడు, అందుకే పోతాడేమోనని భయమేస్తుంది" అన్నాడు. హారర్ అంటే ఇదీ అనిపించింది నాకు. 2018 ఏప్రిల్‌లో తౌఫీక్ చనిపోయిన రోజు ఈ పిల్లాడు మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఏడుస్తుంటే స్లైడ్లన్నీ నేనే చూశా.

మన దగ్గర మాత్రం 80ల్లో వీక్లీల్లో సీరియల్‌గా వచ్చిన హారర్ అంతటికీ క్షుద్ర సాహిత్యం అని ముద్రేసి పక్కన పడేశారు, ఆ అద్దె పుస్తకాల షాపులే ఎంతమందికి చదవడం అలవాటు చేశాయో ఒక్క విమర్శకుడూ రాయడు, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఈజిప్టులోనూ పెద్ద విమర్శకులు తౌఫీక్‌ని చాలాకాలం పట్టించుకోలేదు, కుర్రకారు మాత్రం గాడ్‌ఫాదర్ అని పిలుచుకున్నారు.

అరబిక్ రాకపోతే 2008లో వచ్చిన ఆయన నవల యుటోపియా ఇంగ్లీషులో దొరుకుతుంది. దాంట్లో దెయ్యమే ఉండదు. కథ 2023లో జరుగుతుంది, గోడ కట్టుకుని కాపలా పెట్టుకుని బతికే డబ్బున్నోళ్ళ పిల్లలు సరదాకి బయటికెళ్ళి పేదోళ్ళని వేటాడతారు. సిరీస్ రెండోసారి చూసే బదులు అది చదవండి, నన్నడిగితే ఆయన రాసినవాటిలో ఎక్కువ భయపెట్టేది అదే.