ముందు కంచరపాలెం వెళ్ళండి

ప్రశ్న: మాది గాజువాక. వయసు 41. రోజూ తెల్లవారుజామున లేచి, గది తలుపు వేసుకుని బైబిలు చదువుతాను. లేవీయకాండం వచ్చేసరికి మనసు ఎండిపోతోంది. ఆత్మీయ ఎదుగుదల కనిపించడం లేదు. ఒక్కోసారి కళ్ళు మూసుకుని గ్రంథం తెరిచి, వేలు పడిన వచనాన్నే దేవుని జవాబుగా తీసుకుంటున్నాను. ఇది సరైనదేనా? ఏ వరుసలో చదివితే దేవుని నడిపింపు తెలుస్తుంది? నాకు బైబిలు చదవడం నేర్పిన అమ్మ కంచరపాలెంలో ఒంటరిగా ఉంటోంది. శుక్లాల వల్ల ఇప్పుడు చదవలేకపోతోంది. ఇల్లు హైదరాబాదులో ఉండే అన్నయ్య పేరున రాసినప్పటి నుంచి నేను అక్కడికి వెళ్ళడం లేదు. ఆవిడ కోసం ప్రార్థన మాత్రం మానలేదు.

జవాబు: మీరడిగినదానికి క్లుప్తంగా చెబుతాను. బైబిలులో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. లేవీయకాండం దగ్గర కాళ్ళు సాగకపోతే లూకా సువార్తకో కీర్తనలకో వెళ్ళండి, ఎవరూ తప్పు పట్టరు. వేలు పెట్టి వచనం ఏరుకోవడం మాత్రం ఈ రోజుతో ఆపండి. అది చిలక జోస్యమే, చిలక లేదంతే. బెరయ పట్టణంవారు అపొస్తలుడైన పౌలు మాటను సైతం రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17లో ఉంది. ముందూ వెనకా చూడకుండా తెంపుకున్న ముక్కలో మన కోరికే మనకు వినిపిస్తుంది.

ఇక, అమ్మ సంగతి మీరు ఉత్తరం చివర్లో పడేశారు. నాకు ఉత్తరమంతా అక్కడే ఉంది.

మార్కు సువార్త ఏడో అధ్యాయం చదివే ఉంటారు. తల్లిదండ్రులకు అందవలసినది దేవునికి అర్పితమైపోయిందని చెప్పి, వాళ్ళకు ఏమీ చేయకుండా తప్పించుకునేవారి సంగతి యేసు అక్కడ ఎత్తాడు. ఆ మాటలు పడినవాళ్ళు భక్తిలేనివాళ్ళు కారు, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యులూ, దాన్ని బోధించే శాస్త్రులూ. మీరూ అమ్మకు చెందవలసిన గంటను తలుపు వేసుకున్న గదిలో దేవుడికి ఇస్తున్నారు. నడిపింపు రాలేదంటున్నారు. వచ్చింది. మీకు నచ్చలేదు.

పైగా ఈ ఊళ్ళో ఉండి బైబిలును ఒంటరి వ్యవహారం అనుకోవడం నాకు వింతగా ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టింది ఇక్కడే. క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయం లేకపోతే ఆ పని సాగేది కాదు. 1812లో మూడు సువార్తలు బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చయ్యేసరికి ఆ ఇద్దరు మిషనరీలూ కన్నుమూశారు. మీ చేతిలోని గ్రంథం వెనక ఇలా కలిసి కూర్చున్నవాళ్ళు ఎందరో ఉన్నారు.

వారానికి రెండు సాయంత్రాలు అమ్మకు వినబడేలా పైకి చదవండి. ఆవిడ మధ్యలో అడ్డుపడి ఏదో చెబుతుంది, చెప్పనివ్వండి. లేవీయకాండం గురించి కూడా ఆవిడకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. శుక్లాలకు ప్రార్థనతో పాటు ఆపరేషను కూడా కావాలి కదా! చినవాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, చూపించండి.

ఇల్లు అమ్మ స్వార్జితమైతే ఎవరికి రాసినా ఆవిడ ఇష్టం. నాన్నగారి పేరున ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే సంగతి వేరు. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు భార్యకు, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానం. వకీలును కలిసి, అన్నయ్యను సూటిగా అడగండి. అడగడంలో అవమానం ఏమీ లేదు. అడగకుండా అలిగి కూర్చుని దానికి క్షమించడం అని పేరు పెట్టుకోవడమే నాకు గిట్టదు. ఆ లెక్క అన్నయ్యతో తేల్చుకోవలసింది, చూపు తగ్గిన మనిషితో కాదు.

ఈ ఆదివారం ఆరాధన కాగానే వెళ్ళండి. మీవారు తోడు వస్తే సరే, రాకపోతే గాజువాక నుంచి బస్సులకు కొదవ లేదు.